పిల్లల ఫాంటసీ కథల్లో దేవుడు: పుస్తకం నుంచి తెరకు వచ్చేసరికి

పిల్లలకు ఇంగ్లీషు ఫాంటసీ పుస్తకాలు చదివి వినిపిస్తానని తెలిసినప్పటి నుంచి మా నరసాపురం ప్రాంతంలో పెద్దలు నన్ను రెండు వైపుల నుంచి అడుగుతూనే ఉన్నారు. ఆ పుస్తకాల చాటున తమ పిల్లలకు మరో మతం ఎక్కుతుందేమోనని కొందరు హిందూ తల్లిదండ్రుల అనుమానం. మంత్రగత్తెలు, మంత్రదండాలు ఉన్న పుస్తకం ఇంట్లో ఉండటమే మంచిది కాదని, ఆదివారం తప్పకుండా మందిరానికి వెళ్లే క్రైస్తవ కుటుంబాల్లో కొందరి భయం. ఒకే పుస్తకం ఒకరికి ప్రార్థన పుస్తకంలా, ఇంకొకరికి చేతబడి పుస్తకంలా కనిపించడం నాకు వినోదంగానే ఉంటుంది గానీ, అడిగిన వారికి సమాధానం చెప్పక తప్పదు. కథలో మతం ఉన్నదా లేదా అని నేను పెద్దగా పట్టించుకోను. ఆ మతం కథలో ఏదైనా పని చేస్తున్నదా, ఎవరి చేతనైనా ఏదైనా వదులుకునేలా చేస్తున్నదా అని మాత్రం చూస్తాను. మంచి పుస్తకాల్లో ఆ పని జరుగుతుంది. అవే పుస్తకాలు సినిమాలుగా మారేటప్పుడు చాలాసార్లు దేవుడి రూపం మిగిలి, దేవుడి కోసం చెల్లించవలసిన మూల్యం జారిపోతుంది. ఇదే నా ఫిర్యాదు.

ఈ చర్చలో మొదట తీసుకోవలసిన పేరు సి.ఎస్. లూయిస్. 1898లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన ఆయన యౌవనంలో నాస్తికుడు. 1929 ప్రాంతంలో దేవుడున్నాడని ఒప్పుకున్నాడు గానీ, క్రైస్తవుడు కావడానికి మరో రెండేళ్లు పట్టింది. 1931లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక రాత్రి స్నేహితులైన టోల్కీన్‌తోనూ హ్యూగో డైసన్‌తోనూ నడుస్తూ చేసిన సుదీర్ఘ సంభాషణ అందుకు దారి తీసింది. పురాణకథల మీద ప్రాణం పెట్టుకున్న మనిషి కాబట్టి వారి చర్చ కూడా పురాణకథల గురించే సాగింది. ఆ తర్వాత 1950 నుంచి 1956 వరకు నార్నియా అనే ఊహాలోకం గురించిన పుస్తకాలు ఏడు వెలువడ్డాయి. వాటిలోని అస్లాన్ అనే సింహాన్ని క్రీస్తుకు సంకేతమని అందరూ తేలికగా అనేస్తారు. లూయిస్ మాత్రం సంకేతకథ అన్న మాటను ఒప్పుకోలేదు. మాట్లాడే జంతువులుండే లోకం ఒకటి నిజంగా ఉండి, దేవుని కుమారుడు అక్కడికి రావలసి వస్తే ఏ రూపంలో వస్తాడు, ఏం చేస్తాడు అన్న ఊహ నుంచి ఆ కథ పుట్టిందని ఆయన వివరణ. చిన్నతనంలో దేవుడి గురించి ఫలానా విధంగా భక్తి కలగాలని పెద్దలు చెప్పడం వల్లనే తనలో ఆ భక్తి గడ్డకట్టుకుపోయిందని, అదే విషయాన్ని ఊహాలోకంలో పెడితే మనసు గుమ్మంలో కాపలా ఉన్న డ్రాగన్ల కన్నుగప్పి లోపలికి వెళ్లవచ్చునని 1956 నాటి ఒక వ్యాసంలో రాశాడు.

గోదావరి డెల్టా పిల్లల మనసుల్లో ఆ కాపలా మరో రకంగా ఉంటుంది. వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో సింహమే దేవుడు. భీష్మ ఏకాదశి నాటి తీర్థానికి వెళ్లి, జనం మధ్యలో తండ్రి భుజం మీద కూర్చుని రథాన్ని చూసిన పిల్లవాడికి, సింహం దేవుడెలా అవుతాడన్న సందేహం రాదు. అదే సమయంలో ఇది బ్రదరన్ మిషనరీల నేల కూడా. 1836లో ఇంగ్లండు నుంచి ఆంధ్ర తీరానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరి శ్రమతో నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషన్ నిలదొక్కుకుంది. కాబట్టి ఇక్కడ ఒకే బెంచీ మీద కూర్చునే పిల్లల్లో ఒకరికి హిరణ్యకశిపుడి కథ, ఇంకొకరికి యేసు పట్టుబడే ముందు ప్రార్థించిన గెత్సేమనే తోట కథ కంఠతా వస్తాయి. లూయిస్ ఇలాంటి పాఠకులను ఊహించి ఉండడు. ఇంతకన్నా మంచి పాఠకులు ఆయనకు దొరికి ఉండరని నా అభిప్రాయం.

ఆండ్రూ ఆడమ్సన్ దర్శకత్వంలో 2005లో వచ్చిన మొదటి నార్నియా చిత్రాన్ని ఒక వేసవి సెలవుల్లో మా ఇంట్లో పిల్లలకు వేశాను. కథను అంతకుముందే విడతలుగా చదివి చెప్పాను కాబట్టి ఎడ్మండ్ అనే కుర్రవాడు మిఠాయికి ఆశపడి తోబుట్టువులను మంత్రగత్తెకు పట్టించబోయాడని, ద్రోహి ప్రాణం మీద ఆమెకు హక్కున్నదని, అతనికి బదులుగా అస్లాన్ రాతిబల్ల మీద చావడానికి ఒప్పుకున్నాడని వాళ్లకు తెలుసు. తెర మీద సింహాన్ని తాళ్లతో కట్టి, జూలు గొరిగేస్తున్నారు. మా మేనకోడలి కొడుకు, తిరుపతి నుంచి గుండుతో వచ్చి ఎన్నాళ్లో కాలేదు, “తాతయ్యా, సింహం తలనీలాలు ఇచ్చేస్తోందా?” అన్నాడు. ఆ ప్రశ్న ఏ ఆక్స్‌ఫర్డ్ పండితుడికీ తట్టదు. లూయిస్ ఆ జూలు తీయించింది అవమానం కోసం. రోమన్ సైనికులు ముళ్ల కిరీటం పెట్టి వెక్కిరించిన ఘట్టం ఆ దృశ్యం వెనుక ఉంది. మన పిల్లవాడికి మాత్రం జుట్టు ఇచ్చేయడమంటే మొక్కు తీర్చుకోవడం, అహంకారాన్ని దేవుడి ముందు దించి రావడం. నవ్వుకున్నాక ఆలోచిస్తే వాడు కథలో ఒక ముఖ్యమైన చోటనే పట్టుకున్నాడనిపించింది. ఎందుకంటే అస్లాన్ ఆ అవమానాన్ని తప్పించుకోగలిగి ఉండీ ఇష్టపూర్వకంగా ఇస్తున్నాడు.

పక్కనే కూర్చున్న ఇంకో కుర్రాడికి అంత ఓపిక లేదు. “మన నరసింహస్వామైతే ఊరుకుంటాడేంటండి, దాని పేగులు తీసి మెళ్లో వేసుకునేవాడు” అన్నాడు. సండే స్కూలుకు వెళ్లే పాప మాత్రం ఏ కంగారూ లేకుండా, “లేస్తాడండి. కాకపోతే మూడో రోజు లేవాలి, ఇందులో పొద్దున్నకే లేచిపోతాడు” అని సవరించింది. ఆ పాప లెక్క సరైనదే. పుస్తకంలోనూ ఒక్క రాత్రే గడుస్తుంది. తెల్లవారుజామున సమాధి దగ్గరకు వెళ్లిన స్త్రీలలాగే ఇక్కడ సూసన్, లూసీ అనే ఇద్దరు ఆడపిల్లలు ఆ శరీరం దగ్గర ఏడుస్తూ ఉంటారు. ఎలుకలు వచ్చి కట్లు కొరుకుతాయి.

ఆ ముగ్గురు పిల్లలూ తమ తమ ఇళ్ల నుంచి తెచ్చుకున్న సామగ్రితోనే కథను అర్థం చేసుకున్నారు, ఎవరి మతమూ మారలేదు. రెండు సింహాలను పక్కపక్కన పెట్టి చూడటం వల్ల రెండూ స్పష్టమయ్యాయి కూడా. నరసింహుడు మాట నిలబెట్టుకోవడానికి వస్తాడు. ఇంటా బయటా కాని గడపలో, పగలూ రాత్రీ కాని సంధ్యలో, మనిషీ మృగమూ కాని రూపంలో, వరంలోని ప్రతి షరతునూ గౌరవించి మరీ దుష్టుణ్ణి చంపుతాడు. అంతర్వేది స్థలపురాణంలోనైతే రక్తవిలోచనుడి నెత్తురు బొట్టు ఇసుక మీద పడితే చాలు మళ్లీ రాక్షసులు పుట్టుకొస్తారు కాబట్టి, నెత్తురు నేల తాకకుండా మాయాశక్తి తోడు రావలసి వచ్చింది. అస్లాన్ కూడా చట్టాన్ని తుడిచేయడు. ద్రోహికి బదులు నిర్దోషి ఇష్టపూర్వకంగా చస్తే బల్ల పగిలి మరణమే వెనక్కి తిరుగుతుందన్న మరింత పాత నియమం ఒకటి ఉందని అతనికి తెలుసు. ఇద్దరూ నియమాల సందుల్లోంచే దారి కనుక్కునే దేవుళ్లు. ఒకరు చంపి గెలుస్తారు, మరొకరు చచ్చి గెలుస్తారు.

సినిమా తడబడిన చోటు కూడా ఇదే. పుస్తకంలో యుద్ధం దాదాపు తెర వెనుకనే జరుగుతుంది. అస్లాన్ వచ్చేసరికి అది ముగింపుకు వచ్చి ఉంటుంది, లూయిస్ దానికి కొద్ది పేజీలకు మించి ఇవ్వలేదు. రాతిబల్ల రాత్రే ఆయనకు అసలు యుద్ధం. చిత్రంలో యుద్ధం పతాక సన్నివేశమై కూర్చుంది. అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టిన చోటు ఒకటుంది. మంత్రగత్తెను చంపాక అస్లాన్ పలికే మాట యోహాను సువార్తలో యేసు సిలువ మీద పలికిన ‘సమాప్తమైనది’ అన్న మాటే. పుస్తకంలో అస్లాన్ నోట ఆ మాట లేదు. సినిమా తీసినవారు భక్తితోనే దాన్ని చేర్చి ఉండవచ్చు. అయితే చనిపోతున్నవాడు పలికిన మాటను చంపినవాడి నోట పెట్టారు. రాతిబల్ల దగ్గర ముగియవలసిన పనిని యుద్ధరంగానికి మోసుకుపోయారు. పోనీ ఆ మాట లేకపోయినా సినిమాకు నష్టం లేదు, ఉండటం వల్ల మాత్రం కథ ఎటు మొగ్గిందో బయటపడింది.

మూడో చిత్రం 2010లో వచ్చిన ‘ది వాయేజ్ ఆఫ్ ది డాన్ ట్రెడర్’. మైకేల్ ఆప్టెడ్ తీసిన ఈ చిత్రంలో ఇదే పని ఇంకా తేటగా జరిగింది. 1952 నాటి పుస్తకంలో యూస్టస్ అనే పొగరుబోతు కుర్రవాడు దురాశ వల్ల డ్రాగన్‌గా మారతాడు. ఒంటి మీది పొరను తానే ఒలుచుకోవాలని చూస్తాడు గానీ, ఎన్ని పొరలు తీసినా కింద మరో పొర ఉంటుంది. చివరకు సింహం తన గోళ్లతో, గుండె దాకా దిగినంత లోతుగా ఆ చర్మాన్ని చీల్చి, పచ్చిగా మిగిలిన పిల్లవాణ్ణి నీళ్లలోకి విసురుతుంది. బాప్తిస్మం గురించి పిల్లల సాహిత్యంలో ఇంత నొప్పిగా, ఇంత నమ్మదగినట్టుగా రాసిన పేజీ నేను ఇంకొకటి చదవలేదు. చిత్రంలో సింహం ఇసుకను గోకుతుంది, దూరంగా డ్రాగన్ ఒంటి మీద గీతలు పడతాయి, వెలుగు చిమ్ముతుంది, కుర్రవాడు మనిషైపోతాడు. నొప్పి కలిగిందని తర్వాత మాటల్లో చెప్పించారు, మనకు చూపించలేదు. ఆ ఖాళీని పూరించడానికి ఆకుపచ్చ పొగమంచు, ఏడు కత్తుల వెతుకులాట కొత్తగా కల్పించారు.

అయితే ఆ చిత్రం చివర ఒక ధైర్యం చేసింది. మీ లోకంలో నాకు మరో పేరుంది, ఆ పేరుతో నన్ను తెలుసుకోవాలి అని అస్లాన్ పిల్లలతో అనే మాటను తీసేయకుండా ఉంచారు. కానీ దానికి ముందు పుస్తకంలో ఉన్న గొర్రెపిల్లను వదిలేశారు. లోకం అంచున తెల్లని గొర్రెపిల్ల ఒకటి నిప్పు మీద చేపలు కాల్చి, రండి, తినండి అని పిల్లలను పిలుస్తుంది. మాట్లాడుతూ ఉండగానే సింహంగా మారుతుంది. పునరుత్థానం తర్వాత తిబెరియ సముద్ర తీరాన యేసు శిష్యులకు చేపలు కాల్చి పెట్టిన ఘట్టానికి అది ప్రతిధ్వని. దేవుడు పొద్దున్నే ఏటి ఒడ్డున చేపలు కాల్చి పెట్టాడంటే మా వైపు పిల్లలు వెంటనే నమ్ముతారు, ఏ చేపలని అడుగుతారు కూడా. సింహం గంభీరంగా ఉంటుంది, పోస్టరుకు పనికొస్తుంది. వంట చేసి పెట్టే గొర్రెపిల్ల పనికిరాదు. దేవుడు చిన్నబోయి కనిపించే చోట్లన్నీ సినిమావాళ్లకు ముందుగా అడ్డొస్తాయి.

ఇదంతా మతం పట్ల భక్తి ఉన్న పుస్తకాలకే జరుగుతుందనుకుంటే పొరపాటు. ఫిలిప్ పుల్‌మన్ 1995, 1997, 2000 సంవత్సరాల్లో రాసిన ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ మూడు పుస్తకాలు లూయిస్‌కు ఎదురు నిలబడి రాసినవి. వాటిలో మెజిస్టీరియం అనే మతాధికార వ్యవస్థ, ‘డస్ట్’ అనే ఒక వింత ధూళి పాపానికి మూలమని నమ్మి, పిల్లలను వారి ఆత్మల నుంచి కోసి వేరు చేసే ప్రయోగాలకు అండగా నిలుస్తుంది. సర్వాధికారి అని పిలిచే దేవుడు మూడో పుస్తకంలో ముదిసిపోయి, స్ఫటికపు పల్లకిలో వణుకుతూ కనిపించి, గాలి తగలగానే కరిగిపోతాడు. 2007లో మొదటి పుస్తకం ఆధారంగా క్రిస్ వైట్జ్ దర్శకత్వంలో ‘ది గోల్డెన్ కంపాస్’ వచ్చినప్పుడు మతానికి సంబంధించిన పదును తగ్గించారు. ఒక పిల్లవాడి చావుతో ముగిసే పుస్తకపు చివరి అధ్యాయాలను చిత్రంలోకి రానివ్వలేదు. అంత చేసినా అమెరికాలోని కాథలిక్ లీగ్ బహిష్కరణ పిలుపు మానలేదు. మిగతా రెండు భాగాలు ఆ వరుసలో రానేలేదు. 2019 నుంచి 2022 వరకు బీబీసీ, హెచ్‌బీఓ కలిసి తీసిన ధారావాహిక ఆ చేదును దాచకుండా చివరి దాకా నడిపింది.

నేను ఆస్తికుణ్ణే. అయినా పుల్‌మన్ పుస్తకాలను పిల్లలకు అడ్డు చెప్పను, కాస్త పెద్దయ్యాక ఇస్తాను. నాస్తిక భావాల కారణంగా నాస్తికోద్యమ నాయకుడు గోరా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాల ఉద్యోగం పోగొట్టుకున్న నేల ఇది. దేవుడు లేడన్నవారితో అరుగు మీద కూర్చుని వాదించిన తాతలు మా ఇళ్లలో ఉన్నారు. దేవుణ్ణి నిలదీసే పుస్తకం నుంచి దేవుణ్ణి తీసేస్తే ఎవరిని నిలదీస్తున్నట్టు? ఆ చిత్రంలో మంచు ఎలుగుబంట్లు అద్భుతంగా పోట్లాడతాయి, ఎందుకోసమో మాత్రం గుర్తుండదు.

మెడలిన్ లెంగల్ 1962లో రాసిన ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ది కూడా ఇదే కథ. చీకటితో పోరాడిన వారిలో మొదటి పేరుగా యేసును చెప్పే పుస్తకం అది. 2018 చిత్రంలో ఆ పేరు, బైబిలు వాక్యాలు రెండూ పోయాయి, ఆత్మవిశ్వాసం గురించిన ఉపన్యాసం మిగిలింది. హ్యారీ పాటర్ గురించి ఎక్కువ చెప్పను. మంత్రవిద్య నేర్పుతుందని ఆ పుస్తకాలను తిట్టినవారు చివరి పుస్తకం దాకా చదివి ఉంటే, హ్యారీ తల్లిదండ్రుల సమాధి మీద కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మాటను, కడపట నశింపజేయబడు శత్రువు మరణము అన్న మాటను చూసి ఉండేవారు.

ఇంగ్లీషు వారిని ఇంతగా తప్పు పడుతున్నాను కాబట్టి మన వారి సంగతీ చూడాలి. మన ఫాంటసీకి ఒక పెద్ద పుట్టిల్లు ఈ డెల్టా తలాపునే ఉంది. రాజమహేంద్రవరానికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీ మజిలీ కథలు’ పైకి తీర్థయాత్ర. మణిసిద్ధుడనే యతి కాశీకి వెళ్తూ, తోడుగా వస్తున్న గొల్లపిల్లవాడు గోపడికి మజిలీ మజిలీకీ కథ చెబుతాడు. యాత్రకు పుణ్యం కోసం కాక కథల కోసం బయలుదేరిన ఆ గోపడు నాకు అత్యంత ఇష్టమైన భక్తుడు. అందులోని ఒక కథ ఆధారంగా 1951లో కె.వి. రెడ్డి ‘పాతాళ భైరవి’ తీశారు. ఆ చిత్రంలోని దేవత మంచివాడా చెడ్డవాడా అని చూడదు. ఆమెకు కావలసింది సాహసవంతుడి బలి. నేపాళ మాంత్రికుడు తోట రాముణ్ణి బలి ఇవ్వాలనుకుంటాడు, గుట్టు తెలిసిన రాముడు మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. దేవి అంతే ప్రసన్నంగా వరమిస్తుంది. ఇది భక్తి బోధించే కథ కాదు, నీతి కూడా తిన్నగా లేదు. అయినా పిల్లలకు ఆ దేవత అంటే నిజమైన భయం, నిజమైన గౌరవం కలుగుతాయి, ఎందుకంటే ఆమె తల అడుగుతుంది, అడిగింది తీసుకుంటుంది.

పాలకొల్లుకు చెందిన కోడి రామకృష్ణ 1995లో తీసిన ‘అమ్మోరు’ పిల్లల కోసం తీసింది కాదు గానీ, మా తరం తర్వాతి పిల్లలందరూ దాన్ని దుప్పటి సందులోంచి చూశారు. గ్రాఫిక్స్ గురించి అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. నాకు గుర్తున్నది మాత్రం గ్రామదేవత చిన్నపిల్లగా వచ్చి భక్తురాలి ఇంట్లో పనులు చేస్తూ తిరగడం. చేపలు కాల్చిన గొర్రెపిల్లకు మన వైపు దగ్గరి చుట్టం ఆ పిల్లే. దేవతను చిన్నది చేసి చూపించడానికి రామకృష్ణ జంకలేదు. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’ వచ్చినప్పుడు మా పిల్లలు కుర్చీల మీద నిలబడి కేకలు వేశారు. హనుమంతుడి నెత్తుటి బొట్టు మణిగా మారడం, సూర్యకాంతి సోకితేనే అది పని చేయడం మంచి ఊహలు. అయితే ఆ మణి కథానాయకుడికి ఏ తపస్సూ, ఏ మొక్కూ, ఏ వదులుకోవడమూ లేకుండానే దొరుకుతుంది. అతను పోగొట్టుకునేది ఉన్నా అది శత్రువు వల్ల పోతుంది, దేవుడు అడిగినందువల్ల పోదు. చివర దేవుడు తెర నిండా లేచి నిలబడతాడు. చప్పట్లు కొట్టాను, కానీ పిల్లలను తర్వాత కథ అడిగితే మణి ఎలా మెరుస్తుందో చెప్పారు, హనుమంతుడు ఏం కోరాడో ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి సినిమాయే పిల్లలకు చెప్పలేదు మరి.

మత నమ్మకం ఉన్నవారి చేతనే ఇలాంటి కథలు రాయించాలన్న వాదనను నేను ఒప్పుకోను. ‘చందమామ’ను దశాబ్దాల పాటు నడిపిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది. ఆయన చేతుల మీదుగానే పురాణగాథలు నెలనెలా మా ఇళ్లకు వచ్చాయి. మొక్కును మొక్కుగా, శాపాన్ని శాపంగా కథలో పని చేయనిచ్చే క్రమశిక్షణ ఆయనకు ఉంది. నమ్మకం లేకపోయినా కథ నియమాన్ని గౌరవించాడు.

ఇప్పుడు దర్శకురాలు గ్రెటా గెర్విగ్ నార్నియాను మళ్లీ తెరకెక్కిస్తున్నారు. తీసుకున్నది 1955 నాటి ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’. అందులో సింహం పాడుతూ ఉండగా లోకం పుడుతుంది. ఈనాటి సాంకేతికతకు అది పండగ, ఆ భాగం కన్నుల పండువగా ఉంటుందనడంలో నాకు సందేహం లేదు. నేను చూడబోయేది మరో చోటు. డిగరీ అనే పిల్లవాడి తల్లి మంచాన పడి చనిపోబోతున్నది. అతని చేతిలో ఆమెను బతికించగల ఆపిల్ పండు ఉన్నది. దొంగిలించి ఇంటికి పట్టుకుపొమ్మని మంత్రగత్తె చెవిలో పోరుతున్నది. ఆ పిల్లవాడు మాట ఇచ్చాడు కాబట్టి, తల్లి చనిపోతుందని తెలిసీ, పండును అస్లాన్‌కే తెచ్చి ఇస్తాడు. అంతకుముందు అతను కళ్లెత్తి చూసినప్పుడు సింహం కళ్లలో తన కన్నీళ్లకన్నా పెద్ద కన్నీళ్లు కనిపించాయి. లూయిస్‌కు పదేళ్లు నిండకముందే ఆయన తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది, ఆయనకు ఏ పండూ దొరకలేదు. గెర్విగ్ ఆ పండు కోసిన తోట గేటు దగ్గర పిల్లవాణ్ణి ఎంతసేపు నిలబెడతారో చూసి, పిల్లలకు ముందు పుస్తకం చదవాలా, ముందు సినిమా చూపించాలా అన్నది తేల్చుకుంటాను.